పదహైదు ఆంప్స్ ప్లగ్గు

గ్రీమ్స్‌పేటలో, బెల్లం మండీ గోడ పక్కన
కార్పొరేషనోళ్లు ఒక పచ్చ పెట్టె నాటి
ఏడు నెలలు.
మొదటి నెల దానికి గోనెపట్ట కప్పినారు.
రెండో నెల ఆ గోనెపట్ట ఎవురో ఎత్తుకుపోయినారు.
ఆ తర్వాత దాని మింద
రేగ్గాయల బండాయన తక్కెడ పెట్టుకున్నాడు,
తప్పిపోయిన మేకపిల్ల ఫోటో ఒకటి అతికించినారు,
వానలో ఒక కుక్క దాని చాటున ఈనింది.
కరెంటు మాత్రం రాలేదు.
"పైనుంచి రావల్ల" అనేవాడు లైన్‌మన్ చెంగల్రాయుడు.
పైనంటే స్తంభమా, విజయవాడా
అని అడిగితే నవ్వేవాడు.

అన్నాళ్లూ నా ఆటోకి కూడు పెట్టింది
ఆండాళమ్మ కిటికీ.

మాది రేకులిల్లు, ఐదు ఆంప్స్ సంసారం,
ఫ్యాను తిరిగితే బల్బు కండ్లార్పుతుంది.
ఎదురింట్లో, మొగుడూ పెండ్లామూ కూచోని
గ్రైండరు మోటార్లు చుట్టే రోజుల్లో బిగించుకున్న
పదహైదు ఆంప్స్ ప్లగ్గు ఉండాది.
ఆయన పోయినా ప్లగ్గు పోలేదు.
రాత్రి తొమ్మిదికి కిటికీ చువ్వల్లోంచి
నల్లవైరు బయటికొచ్చేది, పలుపు మాదిరి.
నా బండిని దానికి కట్టేసేవాణ్ణి.
రాత్రికి యాభై.
వైరు వేడెక్కితే వాసన ముందు ఆమెకే తెలిసేది.
"రేయ్ గజేంద్రా, కాల్తా ఉంది లెయ్" అని
నడిజామున గరిటెతో గోడ కొట్టేది.

పోయిన బేస్తారం పచ్చ పెట్టెకి కండ్లొచ్చినాయి.
రిబ్బన్లు, శాలువలు, షామియానా.
పెద్దాయన ఒకరు పెట్టె నెత్తిన టెంకాయ కొట్టబోతే
చెంగల్రాయుడు "సార్, తడి! తడి!" అని అరిచినాడు.
టెంకాయ రోడ్డు మింద పగిలింది.

నాలుగు ఆటోలం వరసలో నిలబడినాం.
పెట్టె యాప్ అడిగింది.
యాప్ ఓటీపీ అడిగింది.
ఓటీపీ నా పెండ్లాం ఫోనుకి పోయింది.
నా పెండ్లాం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
ఫోను గేటు కాడ ఇచ్చేసి
లోపల తోతాపురి తొక్క తీస్తా ఉంది.
మండీలో లెక్కలు రాసే యాసిన్ వచ్చి
తన నెంబరు కొట్టి నన్ను గట్టెక్కించినాడు.

రెండు గంటలకి బండి కడుపు నిండింది.
ఆ సాయంత్రం మురకంబట్టుకి రెండు ట్రిప్పులు ఎక్కువ.
నూటా అరవై రూపాయలు.
జేబులో పెట్టుకున్నా గానీ
ఎవురి సొమ్మో మోస్తా ఉన్నట్టే ఉండె.

ఇంటికొస్తే
కిటికీలోంచి వైరు అప్పటికే వేలాడతా ఉంది.
చెప్పలేకపోయినా.
నిండిన బ్యాటరీకే వైరు తగిలించి,
యాభై నోటు చువ్వల సందులో పెట్టి
పోయి పండుకున్నా.

అరగంటకి గోడ మింద గరిటె.
"మీటర్లో ఎర్రబొట్టు కొట్టుకోవడం లేదే.
యాడో తినేసొచ్చి నా కాడ ఆకు పరుచుకుంటావా?"
నోటు మడిచి నా జేబులో కుక్కింది.
చెప్పులేసుకుంది.
"నడువు, చూపించు."

పదిన్నరకి మండీ వీధి. తలుపులన్నీ మూసినారు గానీ
బెల్లం వాసన మూయడం ఎవురి తరమూ కాదు.
పెట్టె మింద ఉండే రేటు నాచేత చదివించుకుంది.
"యూనిట్టు పన్నెండా! నేనేమో
ఎర్రిదాని మాదిరి యాబైకి ఇచ్చినా."
ఇంకాసేపటికి,
"నేనెప్పుడన్నా నిన్ను ఓటీపీ అడిగినానా?"

అడగలేదు, అన్నా.

కొంగు నడుముకి చెక్కి
పెట్టెకి చెవి ఆనించింది.
రాగితీగ కోసిన గీతలు ఇంకా పోని వేళ్లతో
దాని వీపంతా తడిమింది,
పరాయి పశువుని తడిమినట్టు, తొందర లేకుండా.

"లోపల బోల్టొకటి వదులుగా ఉంది.
గుయ్ మంటా ఉంది, విను.
రేపు చెంగల్రాయుణ్ణి ఒకతూరి నా కాడికి రమ్మను,
స్పానరు నేనిస్తా."

"వినపడిందా?" అంది.

కుక్కపిల్లల గురక తప్ప
నాకేమీ వినపడలేదు.
ఊ, అన్నా.