రెండు గీతలు కలిసే చోట

లాటరీలో నా పేరు పడింది.
పుట్టాక ఏ లాటరీ తగలని నాకు
తగిలింది ఇదొక్కటి:
హులియాకాలో, ఒకటో తరగతి గదిలో,
నలభై మూడో బల్లకి నేను అధ్యక్షురాలిని.
దేశానికి కాదలచిన ఇద్దరూ
కాగితం మీద పక్కపక్కనే నవ్వుతున్నారు.

కుర్చీలు ఆరేళ్ల పిల్లలవి.
మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాం ముగ్గురం.
జాకెట్లకి జిప్పులు కుట్టే నేను,
గ్యాసు బండలు మోసే క్రిసోలొగో,
నర్సింగు చదివే యెస్సేనియా.
చలికి తన గ్లవ్సు రెంటిలో ఒకటి విప్పి
నాకిచ్చింది ఆ పిల్ల.

మొదటి విడతలో పద్దెనిమిది మంది.
నేను వేసినాయనకి వచ్చినవి
మా వీధి కుక్కలకన్నా తక్కువ.
చివరికి మిగిలింది వీళ్లు.
లాంతరు గుర్తాయన సమ్మె రోజున సైన్యాన్ని దించి
రాత్రి టీవీలో ‘అంతా ప్రశాంతం’ అన్నాడు.
నిచ్చెన గుర్తాయన భార్య చెయ్యి విరిచిన కేసుని
నాలుగేళ్లుగా వాయిదాల మీద నడుపుతున్నాడు,
పేదల పేరెత్తితే మాత్రం వెక్కివెక్కి ఏడుస్తాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.
ఏది లోతు తక్కువో చూద్దామని
జనం తెల్లారకముందే లేచి వచ్చి
గేటు దాకా వరసకట్టారు.
రాకపోతే జరిమానా, అది వేరే సంగతి.

అట్టల చాటున ఏం చేస్తున్నారో చూడకూడదు.
కానీ కింద పాదాలు కనబడతాయి.
మెరిసే బూట్ల లాయరు: నాలుగు సెకన్లు.
రొట్టెల దుకాణం మదలేనో లోపల్నించి ఒకసారి నవ్వాడు,
బయటికొచ్చాక నవ్వలేదు.
మనవణ్ణి వీపున కట్టుకున్న దోన్యా ఇలారియా
ఎంతకీ రాలేదు. వచ్చి అడిగింది:
‘పెన్ను రాయటం లేదా అమ్మా,
నా చెయ్యి రాయటం లేదా?’

పదకొండున్నరకి మా అన్న ఫెర్మీన్.
మూడు వారాలుగా మాటల్లేవు మాకు.
నిచ్చెనకి వేస్తానన్నానని
అన్నం తింటున్న పళ్లెం గోడకేసి కొట్టాడు,
చూన్యో ముక్కలు కేలండరుకి అతుక్కున్నాయి.
అతని పూర్తి పేరు పైకి చదివాను,
పరాయివాడి పేరులా. తలూపాడు.
అట్టల కింద అతని పాదాలు, నేను కుట్టిచ్చిన ప్యాంటు అంచు,
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ,
మార్చుకుంటూ.
లాంతరు మీద ఒక్క గీటుకి అంతసేపు దేనికి?
వచ్చి ఊదా సిరాలో వేలు ముంచి వెళ్లిపోయాడు.

లెక్కింపు.
రూలు ఏమంటే, గీసిన రెండు గీతలు
ఎక్కడ కలిస్తే ఆ గడిదే ఓటు.
తోకలు ఎటు పోయినా పట్టించుకోకూడదు.
ఒక దానిమీద లాంతరాయనకి గాడిద చెవులున్నాయి.
ఒక దానిమీద ఎవరో ‘మా అమ్మకి’ అని రాశారు,
ఇంకోదానిమీద నూనె, ఉప్పు, కొవ్వొత్తులు.

ఆ తర్వాత అది వచ్చింది.
పార్టీ ఏజెంట్లు ఫోను లైట్లు వేసి వంగారు.
‘మాదే’ అన్నారు ఇద్దరూ.
క్రిసోలొగో పిల్లల స్కేలు తెచ్చి పెట్టాడు.
సూది బెజ్జానికి అలవాటు పడ్డ కళ్లు నావి.
చుక్క ఇటూ లేదు, అటూ లేదు,
గడుల మధ్య నల్లగీత మీద నిలబడి ఉంది.
చెయ్యి జారి పడ్డది కాదు.
ఎవరో ఊపిరి బిగబట్టి నిలబెట్టినది.

చెల్లదు, అని రాసి సంతకం పెట్టాను.

నాది పొద్దున్నే వేసేశాను.
ఎవరికో చెప్పను.
కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా గీశాను,
ఆలోచన మళ్లీ మొదలవకుండా.

గేటు బయట, కీన్వా జావ బండి దగ్గర
అన్న నిలబడి ఉన్నాడు, రెండు గ్లాసులతో.
ఒకటి అప్పటికే చల్లారిపోయింది.
‘ఎంత?’ అన్నాడు.
‘నిచ్చెన నూట పన్నెండు. లాంతరు నూట పది.’
జావ ఊదుకున్నాడు, ఆవిరి పోయిన జావని.
ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని,
‘ఒకటి సరిగ్గా గీత మీద పడింది,
కొట్టేశాం’ అన్నాను.

రెండు బస్సులు వెళ్లిపోయాయి.

‘గీత మీదుంటే చెల్లదా?’ అన్నాడు.