ఒకటో నంబరు ఫ్లెక్సీ

పదిహేడు రంగుల ఫ్లెక్సీలు
పొద్దుగూకకముందే గోడకెక్కాలె అన్నడు ఫోర్‌మన్.
లింబాద్రి నిచ్చెన పట్టిండు, నేనెక్కిన.
దోహాల పెద్ద హాలు. లోపల చలికాలం,
బయట నలభై ఆరు.

ఎర్రది ఒకటో నంబరు,
దాని మీద చేతులు పట్టుకున్న బొమ్మలు.
"ఏం రాసిన్రురా?"
"పేదరికం ఉండదట, రెండువేల ముప్పై కల్లా."
లింబాద్రి వేళ్ల మీద లెక్కేసిండు:
"నా అప్పు గూడ అదే ఏడు తీరుతది.
మా ఏజెంటు గూడ సంతకం పెట్టిండేమో."

నవ్వితే నిచ్చెన ఊగింది.

మూడు రోజులు మాట్లాడుకున్నరు లోపల.
మేము వెనుక దర్వాజ కాడ
కుర్చీలు లెక్కపెట్టినం, గావా కప్పులు ఏరినం.
ఒకామె, ఏ దేశమో,
మైకు ముందర నీళ్లు తాగి
చాలాసేపు ఊకున్నది.
ఆమె దేశం పేరున్న అట్టముక్క
పొద్దున నేనే తుడిచిన.

ఆఖరు రాత్రి గోడ ఖాళీ చేసినం.
పదహారు లారీ ఎక్కినయ్.
ఎర్రది చుట్ట చుట్టుకొని
సనయ్యల మా రూముకొచ్చింది.
ఏసీ నీళ్లు లింబాద్రి మంచం మీద కారుతుంటె
తాళ్లతోని అడ్డం కట్టినం.

ఇప్పుడు రాత్రంత
ఆ బొమ్మల చేతుల మీంచి జారి
ఒక్కొక్క చుక్క బకెట్లకు.
చెప్పినోళ్లకు తెల్వదు గని,
లింబాద్రి పరుపు పొడిగున్నది.