ఒక్క గీత

మెడలో వేసిన అట్టముక్క మీద
నా పేరు సగమే పట్టింది.
చెల్లుబోయిన భ్రమర దాకా వచ్చి
అంబ అంచు దాటి జారిపోయింది.

"చివరి పేరేది?" అని అడిగింది రిజిస్ట్రేషన్ బల్ల.
మాకు ఇంటిపేరు ముందొస్తుంది మేడమ్,
చివర ఉండేది నేనే.
ఆమె నవ్వింది గానీ
ఫారంలో గడులు అటుదిటు కాలేదు.

పిహెచ్‌డి మొదటేడు వాళ్ళం ముప్పై ఇద్దరం
యశ్వంతపురం వైపు కిటికీలున్న హాల్లో.
బయట జూలై తుంపర,
లోపల ఏసీకి బిగుసుకుపోయిన సమోసాలు.
రెండ్రోజుల శిక్షణ:
మాట్లాడటం, రాయటం, పరిచయాలు పెంచుకోవటం,
కాలాన్ని రంగురంగుల గడుల్లో కూర్చోబెట్టటం.

అయిదేళ్ళు చేయబోయే పనిని
మూడు నిమిషాల్లో చెప్పాలట.
లేచాను. నోరు తడారింది.
"కీచురాళ్ళండీ...
తురహళ్ళి అడవంచున రాత్రి తొమ్మిదికి
మైకు పట్టుకుని కూర్చుంటాను.
మగది రెక్కలు రాసి పిలుస్తుంది,
ఆడది చీకట్లో నడిచి వెళ్తుంది.
కొన్ని మగవి అసలు పిలవవు.
గట్టిగా పిలిచేదాని పక్కన చప్పుడు లేకుండా నక్కి
వచ్చేదాన్ని దారిలోనే..."
గంట కొట్టేశారు.

"దీనివల్ల ఎవరికి ఉపయోగం?" అన్నాడు శిక్షకుడు.
చీకట్లో నడుస్తున్న దానికి, అనబోయి
"సౌండ్ సెన్సార్లకు" అన్నాను.
"చూశారా, ఇదీ వాక్యమంటే!"
అందరూ రాసుకున్నారు.

టీ వేళ పరిచయాల అభ్యాసం.
పేరున్న ప్రొఫెసరు చుట్టూ
కాగితం కప్పులతో మూగిన మమ్మల్ని చూసి
నాకు నవ్వాగలేదు.
పిలిచేది ఒకటి,
పక్కన నక్కినవాళ్ళం పదకొండు మందిమి.
నా డేటా షీట్లో
మాకప్పటికే ఒక కాలమ్ ఉంది.

రెండో రోజు, అన్నం మత్తు రెప్పల మీద కూర్చున్నప్పుడు
వారిజ ఉడుప గారు వచ్చారు.
ముప్పై ఏళ్ళు ల్యాబ్ నడిపి రిటైరైన మనిషి.
స్లైడ్లు లేవు. చేతిసంచిలోంచి
మూల ఆసిడ్ తిన్న ఒక నోటుపుస్తకం తీశారు.

"పెన్సిల్ వద్దు. తెల్లసిరా పూయొద్దు.
కాగితం చింపొద్దు.
తప్పు పడితే ఒక్క గీత.
కింద ఏముందో కనపడాలి.
పక్కన తేదీ, పొడి అక్షరాలు. అంతే."

పుస్తకం చేతులు మారుతూ నా దాకా వచ్చింది.
కొట్టేసిన ఏడు పాయింట్ నాలుగు,
దాని మీద సన్నటి గీత,
వెంట్రుక పడిందేమోనని ఊదాను.
వెనక వరసలోంచి ఎవరో అడిగారు:
"చివరికి ఆ అంకే సరైనదని తేలిందా మేడమ్?"
"లేదు. తప్పే.
అయినా ఉంది."

నేను పలక మీద నేర్చుకున్నదాన్ని.
తప్పు రాస్తే ఉమ్మి, గౌను అంచు,
ట్యూషన్ మాస్టారి నీడ గడప తొక్కేలోపు
పలక నల్లగా, అమాయకంగా.
తర్వాత ఎంట్రన్సులు.
నా బయోడేటాలో ఒక ఏడాది లేదు,
పైదాన్నీ కిందదాన్నీ దగ్గరకు లాగి కుట్టేశాను.

జూన్ పద్నాలుగున
పదకొండు పిలుపులు విన్నానని రాశాను.
రికార్డింగు మళ్ళీ వింటే అందులో రెండు కప్పలు.
గైడు గారు చూస్తారని
పేజీ చింపాను, కుట్టు దగ్గర నీటుగా,
బ్లేడుతో.

ఆ రాత్రి హాస్టల్లో బుట్ట వెతికాను.
నెల దాటింది, ఏముంటుంది?
బిస్కట్ కవర్లు, నిన్నటి అట్టముక్క.

నోటుపుస్తకం తెరిచి
ఆ సన్నటి మొండి అంచు పక్కన
పెన్నుతో రాశాను:
ఇక్కడొక పేజీ ఉండేది.
రెండు కప్పలను కీచురాళ్ళనుకున్నాను.
చింపింది నేను.

తేదీ.
చె. భ్ర.

సిరా ఆరేదాకా మూయలేదు.