మూడో ఎపిసోడ్‌కి లైటింగు

మొదటి ఎపిసోడ్‌లోనే డబ్బంతా తగలేశారు.
మూడోదానికొచ్చేసరికి
ఎగిరే పళ్లెం లేదు, గ్రహాంతరవాసి లేడు,
ఎనభై అడుగుల క్రేను, దాని కొసన నా లైటు,
రెండు పొగ మిషన్లు, వాటితో పడని గాలి.
"కనిపించనిదే ఎక్కువ భయపెడుతుంది" అన్నాడు డైరెక్టరు.
లేమిని సిద్ధాంతం చేయడం
అతనికి వెన్నతో పెట్టిన విద్య.

బ్రిటిష్ కొలంబియా. మూతపడ్డ రంపపు మిల్లు వెనక
అక్టోబరు వాన.
అరవై డాలర్లకీ, వేడి సూపుకీ ఊరివాళ్లని పోగుచేశారు.
పని సులువు. నేను లైటు వేయగానే
అందరూ తలెత్తి, నోరు తెరిచి చూడాలి.
కుర్రాళ్లు నవ్వాపుకోలేకపోయారు.
మిల్లులో వేళ్లు పోగొట్టుకున్న ఒకాయన
మిగిలిన మూడింటినీ ఆకాశానికి చాచాడు,
ఎవరూ చెప్పకుండానే.

ఐలీ కొస్కెలా తలెత్తలేదు.

ఆరు టేకులు. మెగాఫోను బతిమాలింది, కసిరింది.
అరవై ఎనిమిదేళ్ల మనిషి, పసుప్పచ్చ రెయిన్‌కోటు,
ఆరుసార్లూ నేలచూపులే.
విసిగి వెనక వరసలోకి నెట్టారు.

సూపు దగ్గర నా పక్కకొచ్చి
దొంగసొమ్ము ఆచూకీ చెప్పినట్టు చెప్పింది:
"రంగు అది కాదు."
దేని రంగు?
"నువ్వు తెల్లగా వేశావు.
దూడ చెవి వెనక సూర్యుడుంటే
చెవిలోంచి కనిపిస్తుంది చూడు, ఆ రంగు."

అన్న పేరు తైస్తో. పదహారేళ్లు. ముప్పై ఆరో సంవత్సరం.
మిల్లులో రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద వస్తున్నాడు.
టిఫిను డబ్బాలో మిగిల్చి తెచ్చే రొట్టెముక్క కోసం
ఈమె గేటు దగ్గర నిలబడింది.
సైకిలు మాత్రం గేటుదాకా వచ్చింది.

పోలీసులు నది అన్నారు.
పాస్టరు నది అన్నాడు.
అమ్మ కూడా చివరికి నదే అంది,
ఏదో ఒకటి అనుకోకపోతే ముద్ద దిగదు కదా.
ఐలీ యాభై ఏడేళ్లుగా కిక్కురుమనలేదు.
ఇంత మాట నా చేతిలో పెట్టి,
గిన్నె అడుగున ఇంకేమైనా ఉందేమో చూసుకుని, వెళ్లిపోయింది.

మూడు గంటలకి ప్యాకప్.
జనరేటరువాడికి సిగరెట్ పెట్టె లంచమిచ్చి క్రేను దింపించాను.
దూడ చెవిని నేనెప్పుడూ అలా చూసినవాణ్ణి కాను.
నా చెవి వెనకే టార్చి పెట్టుకుని
అసిస్టెంటు గార్నెట్‌ని అడిగాను, ఏం రంగురా అని.
వాడు నీళ్లు నమిలి, "జ్వరం రంగు" అన్నాడు.
లైటు ముందు గులాబీ కాగితం ఒకటి, కాషాయం ఒకటిన్నర,
చిరిగిన ఎరుపు ఒక చీలిక.

వేశాను.
వాన మొత్తం రక్తమున్నదానిలా మెరిసింది.
ఐలీ దాని కింద నిలబడింది, ఒక నిమిషం, నిమిషంన్నర.
"దగ్గరికొచ్చావు" అంది.
తర్వాత తన మడమల వెనక చూసుకుని,
నా మీద జాలితో:
"కానీ, దానికి నీడ లేదయ్యా."

ముప్పై ఏళ్లుగా లైట్లు మోస్తున్నాను.
చంద్రుణ్ణి చేశాను, ఆపరేషను గదుల్ని చేశాను,
తక్కువ బడ్జెట్లో ఒకసారి నరకాన్ని చేశాను.
నీడ పడకుండా వెలిగించడం నాకు రాదు.
అదే చెప్పాను.
కొట్లో ఉప్పు అయిపోయిందంటే తలూపినట్టు తలూపింది.

ఫిబ్రవరిలో, శుక్రవారం రాత్రి ప్రసారమైంది.
తెల్లటి లైటు. నాదే. బాగానే ఉంది.
ఊరంతా తలెత్తి, నోరు తెరిచి.
వెనక వరసలో రెండు సెకన్లు పసుప్పచ్చ కోటు.
టేపు వెనక్కి తిప్పాను. మళ్లీ తిప్పాను.
అప్పుడు కనబడింది చెయ్యి,
కొంచెం పక్కకి చాచి, వేళ్లు వంచి,
ఒరిగిపోతున్న సైకిలు హ్యాండిలు పట్టుకున్నట్టు.