గుడ్డకు గిన్నె

పాతగుడ్డలకు స్టీలు సామానేయ్...
మూలాపేట సందుల్లో ఈ కేక
మా అత్త మస్తానమ్మ నాకు రాసిచ్చిన ఆస్తి.
దాంతోపాటు రెండు వేళ్ల ఇద్దె.
బొటనేలికీ చూపుడేలికీ మజ్జెన కొంగు పెట్టి
ఒక్కసారి నలిపితే చాలు,
అది యాడ పుట్టిందో, ఎన్ని చాకిరేవులు చూసిందో,
ఇంకెన్నాళ్లు బతుకుద్దో
కళ్లు మూసుకుని చెప్పేది.

అప్పట్లో పాటూరు చీరొకటి గంపలో పడిందంటే
ఆ పూటకి ఇంకో వీధి తిరగబల్లా.
బొంతలు కుట్టే ఆమె గుమ్మంలోనే కాసుకోనుండేది.
పురిటింటోళ్లు ఏడో నెల్లోనే చెప్పిపెట్టేవాళ్లు,
పొత్తిగుడ్డలకి మెత్తటి పంచెలు దాచమని.
చివికిన పేలిక ఆటోనగర్‌లో
ఖాదర్‌బాషా చేతి జిడ్డు తుడిచి తుడిచి
పొయ్యిలోకి పొయ్యి బూడిదయ్యేది.
ఆ బూడిదతోనే నా గిన్నెలు తోముకునేదాన్ని.

ఇప్పుడు పొద్దున పదికల్లా గంప నిండతా ఉండాది.
గిన్నెలు మాత్రం ఎట్ట పోయినయ్యో అట్టనే
మోగతా ఇంటికొస్తా ఉండాయి.
మాగుంట లేఅవుట్‌లో మూడో మేడ మీంచి
ఒక పాప తాడు కట్టి సంచులు దించింది.
ఒకటి గాదు, నాలుగు.
"గిన్నె వద్దులే ఆంటీ,
బీరువాలో చోటు గావాల."
ముప్పై ఏళ్ల యాపారంలో
చెంబడిగారు, చాటడిగారు,
మూత గట్టిగా పట్టే టిఫిను క్యారేజీ అడిగారు.
చోటు అడిగినోళ్లని ఇప్పుడే చూస్తన్నా.

నలిపి చూశా.
వేళ్లకి ఏమీ చెప్పలా.
పాలకవరు మాదిరి జారిపోయింది.
ఖాదర్‌బాషా ఇట్ట తుడిచి అట్ట ఇసిరేశాడు,
"ఇది నూనె తాగదక్కా, పూస్తాది."
బొంతలామె కాలితో పక్కకు నెట్టింది,
"దీంట్లో పడుకోబెడితే బిడ్డకి ఒళ్లంతా పేలిపోద్ది."
బేళ్లు కట్టే సుబ్బరామయ్య
నిరుడు కిలో నాలుగు రూపాయలన్నాడు.
ఈ ఏడు, ఊరకిచ్చినా దించుకోనన్నాడు.

ఇంక మిగిలింది ఊరిబయట దిబ్బ.
ఆడ ఈ గుడ్డ బూడిదవ్వదు. కరగతాది.
నల్లగా చుక్కచుక్కా మండతా కారతాది.
గాలి ఇటు మళ్లిన రాత్రి
మా వీధిలో పసోళ్లు దగ్గతానే తెల్లారుద్ది.
జాఫర్‌సాహెబ్ కాలవ తూముకడ్డంగా
రెండు చేతులూ చాపి ఒక పూలచొక్కా ఉండాది.
రంగెప్పుడో పోయింది.
చొక్కా మాత్రం మూడేళ్లుగా కుళ్లలా,
కాలవే కుళ్లింది.

నిన్నటి సంచిలో ఒకటి,
ఎల కాగితం కూడా తెంపలా.
దండెం ఎరగదు, చెమట ఎరగదు.
మెడ లోపల బిళ్లంత చీటీ,
లైను ఏడు.

మా సుభాషిణి కూర్చునేది ఆ లైన్లోనే.
తెల్లారి అయిదుకి కంపెనీ బస్సెక్కుద్ది.
గంటకి తొంభై ఎడమచేతులు అతుకుద్ది.
కుడిచేతులు ఎవురివో దానికి తెలీదు.
మద్దేనందాకా గుక్కెడు నీళ్లు తాగదు,
లేస్తే లెక్క తప్పుద్దని.
దాని సీసా ఎట్ట నింపి పంపిస్తానో
అట్టనే వస్తాది ఇంటికి.

రాత్రి చూపిస్తే
లైటు కింద పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.
"ఇది బుజ్జమ్మ కాలరు.
మూల మీద రెండు పోట్లు ఎక్కువేస్తది, చూడు.
ఆ రోజు దానికి జొరం.
ఇంటికి పోతానంటే పంపీలా."
"తొడుక్కో మేయ్, నీకు సరిపోద్ది" అన్నా.
తొడుక్కోలా.
మడత పెట్టింది, మళ్లీ ఇప్పింది,
ఎల కాగితాన్ని బోర్లా తిప్పింది.
చానాసేపటికి
"దీనికి ఏం గిన్నిచ్చావమ్మా?" అనింది.

మూలనున్న సామాను వంక చూశా.
"బేసినిచ్చా" అన్నా.
"పెద్దది."