ఎడమ ముందు కాలు

కార్డు మీద దాని పేరు కాపర్ లెటర్.
మా లైన్ల అందరికీ బెల్లం.
రంగుకు బెల్లమే. ఒక ముక్క కోసం
నా పనిముట్ల సంచి పళ్లతోని చింపిన నాటి నుంచి
ఇంకో పేరు ఎవ్వరికీ తోచలే.

మలక్‌పేటల జులై వాన కొట్టి వెలిసిన ఓ తెల్లారి
మొదటిసారి దాని డెక్క నా ఒళ్లె పెట్టుకున్న.
వణికింది.
కాసేపటికి బరువంత నా వీపు మీద వాల్చి
కునుకు తీసింది.
"ఈదన్నా, ఇది నిన్ను మంచమనుకుంటుంది" అని
సైసు దస్తగిరి ఒకటే నవ్వు.
మా తాత కాలం నుంచి నాల్‌బందు పనే మాది,
ఇసొంటి గుర్రాన్ని ఇదే చూసుడు.

మొదటి పరుగుల ఆరు.
గేటు చప్పుడుకు బెదిరి
అందరు పోయినంక పోయింది.
రెండోసారి మూడు.
మూడోసారి, చివరి ఫర్లాంగు దాకా గుంపుల ఇరుక్కోని,
ఇగ అయిపోయిందనుకున్నప్పుడు
కంచె పక్కన సందు దొరికిచ్చుకున్నది.
మెడంత తేడా.
వంతెన మీద పోతున్న మెట్రోల
ఎవరో కిటికీకి చెయ్యి కొట్టిండట, దస్తగిరి చెప్తడు,
వాడు చెప్పేవాట్ల సగమే నమ్మాలె.
నాలుగోసారి ఎవ్వరూ దగ్గరికి రాలే.

ఆరు, మూడు, ఒకటి, ఒకటి.
ఆ నాలుగంకెల మీద చాయ్ హోటల్ల
చంచల్‌గూడ లెక్కల సారు
సాసరు చల్లారేదాక మాట్లాడుతడు.

నా దగ్గర వేరే లెక్క ఉంది.
ఊడదీసిన నాడాలు, తారీఖు రాసి, మొలకు తగిలిచ్చి పెట్టుకుంట.
ఆగస్టుది అంతట ఒక్క తీరు అరిగింది.
సెప్టెంబరుది, ఎడమ ముందు కాలుది,
బయటి అంచు అప్పడమోలె పల్చబడ్డది.
బొటనవేలుతో తడిమిన. మళ్ల తడిమిన.

ట్రైనరు శ్యామల్‌రావు సారు కాలు పట్టి చూసిండు.
"సల్లగనే ఉంది కదయ్యా. వాపు లేదు.
ఆదివారం కప్పు గడవనీ."
ఓనరు అప్పటికే చుట్టాలకు పాసులు పంచిండు.
నేను డాక్టర్ను కాదు.
ఆ మాట సారు అనలే, నేనే అనుకున్న.

శనివారం పొద్దుగూకినంక అల్యూమినియం నాడాలు కొట్టిన,
చేతిల పెడితే పూరీ అంత బరువు లేవు.
ఎడమదానికి బయట దిక్కు
గోరంత వెడల్పు ఎక్కువ ఉంచిన.
ఎవ్వరికీ చెప్పలే.
బెల్లం ఎప్పటిలెక్కనే నా వీపు మీద నిద్రపోయింది.

ఆదివారం నేను కంచె దగ్గరికి పోలే.
గడ్డిమోపుల ఎనుక కూసోని కండ్లు మూసుకున్న.
గేటు కొట్టుకున్నది. జనం లేచిండ్రు.
భూమిల నుంచి వస్తది ఆ చప్పుడు, అరికాలికి ముందు తెలుస్తది.
నాలుగు దెబ్బలు, ఒక ఖాళీ.
నాలుగు దెబ్బలు, ఒక ఖాళీ.
పది గుర్రాల నడుమ ఒక్క కాలును వెతుకుడు
అయ్యే పని కాదు, తెలుసు.
అయినా ఆ ఖాళీనే పట్టుకోని కూసున్న,
అన్ని కాళ్లూ గాలిల ఉండే ఆ రెప్పపాటును.
అప్పుడు దాని బరువు
ఏ కాలు మీదా లేదు.