కట్లు విప్పినంక

గట్టుప్పల్ల యూత్ సంఘం మూతబడ్డంక
క్యారం బల్ల నా పాలబడ్డది.
నాలుగు మూలల నాలుగు బొక్కలు,
నడుమ ఎర్ర వలయం, సగం చెరిగింది.
మూడు నెలలు గోడకు ఆనిచ్చి పెట్టిన.
ఏం కావాల్నో అది చెప్పలె,
నేను అడగలె.

ఆదివారం, పప్పు పొయ్యి మీదుండంగ
చెయ్యి దానంతటదే సంచిలకు పోయింది.
చిటికి కట్టి, అద్దకం అయినంక విప్పి పారేసిన
సైకిల్ ట్యూబు పీలికలు,
తిరందాసు సత్తయ్య మగ్గం కింద ఊడ్చిన పోగుల కొసలు,
సొసైటీ ఖాతాబుక్కుల చెదలు వదిలిన రెండు కాయితాలు,
బోరునీళ్లు కాగీ కాగీ
సర్వ అడుగున గట్టిన తెల్ల పొక్కు.
గీకితే పెంకులు పెంకులుగ లేస్తది.
ఏది ఎందుకు దాచినవంటే చెప్పలేను.
మా అమ్మ తెగిన గుండీలు దాచేది, గట్లనే.

చింతగింజల అంబలి కాచి
వేళ్లతోటే పూసిన.
బ్రష్షు ఎక్కడ పెట్టిన్నో యాదికి లేదు.
ముందుగాల కాయితం.
"కర్నాటి అండాలు, బాకి రూ. 41-50"
ఆ వరుస పైకి రావాలని నేననుకోలె, వచ్చింది.
దాని మీద నీలి పోగులు.
బాగుందనుకున్న.
బాగుందన్న మాట నోట్లెకొచ్చిందంటే
ఎక్కడో చెడ్డదని నాకెరుక.
పర్రున పీకిన.
పోగులెంబడి కాయితం పొర లేచింది,
అండాలు పేరుల "లు" పోయింది.
అండా మిగిలింది.
కోడిగుడ్డా, ఆసరానా?
నవ్వొచ్చింది, ఆ వెనకనే భయమైంది.
భయమైన కాడనే కూసోవాలె
అని ఎవరు చెప్పిండ్రు నాకు?
ఎవరూ చెప్పలె.
పప్పు మాడిన వాసనొచ్చింది.

రాత్రి అంబలికి చీమలొచ్చినయి.
తెల్లారి చూస్తే
ఈ మూల బొక్క నుంచి ఆ మూల బొక్క దాక
సన్నగ, వంకరగ, తిన్నంత మేర ఒక తొవ్వ.
పదిసార్లు గీసి పదిసార్లు తుడిచిన గీత
గదే.
చీమల మందు డబ్బా పట్టిన చెయ్యి
గాలిలనే ఆగింది.
తొవ్వ పొంటి పొక్కు పెంకులు నలిపి చల్లిన.
తెల్లగ నిలబడ్డది,
మర్రిగూడల మా మేనత్త మోకాళ్లను
వంగనియ్యని తెలుపు.
ఆ ముచ్చట బల్ల మీద రాయలె.
రాస్తే బల్ల నోరు మూసుకుంటది.

సత్తయ్య వచ్చిండు రబ్బర్ల కోసం.
"మంచియి ఏరి ఇయ్యి, మళ్ల కట్టుకుంట."
బల్ల దిక్కు చూసి కండ్లద్దాలు తుడుసుకున్నడు.
"గిదేంది?"
"తెల్వదు పెదనాయ్నా."
"తెల్వకుంటనే ఇంత చేసినవా?"
జరసేపు ఊకున్నడు.
"మేం కట్టేది రంగెక్కనీకి కాదు బిడ్డా,
ఎక్కకుండనీకి.
పువ్వంటవా, అది విప్పినంకనే కనవడ్తది.
పెద్దయి ఇయ్యకు, సన్నయి ఏరు."
పిడికెడు పట్టుకొని పోయిండు.
అతికించిన దాంట్లకెల్లి కూడ నాలుగు పీకిండు.
ఆ నాలుగు సందులు అట్లనే ఉంచిన.

నడుమ ఎర్ర వలయం ఇంక ఖాళీనే.
చెయ్యి అటు పోతలేదు.
పోనప్పుడు తోలొద్దు.

బడికి ఆలస్యమైంది.
హాజరు పిలుస్తుంటే గోళ్ల సందుల నీలి,
మనసు బల్ల కాడ.
"అండాలు" అన్న.
ఆ పేరు పిల్ల మా ఏడో తరగతిల లేదు.
అందరు నవ్విండ్రు.
వెనక బెంచీ నుంచి ఎవరో, సన్నటి గొంతు,
"హాజర్ మేడం" అన్నరు.
టిక్కు పెట్టిన.